నూకరత్నం మెదడుకి నీలం అట్ట

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ఒక్క ఫైలు పోగొట్టి ఎరగను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మొన్న నా చేతికిచ్చిన మెమోలో నూట ముప్పై ఐదు ఫైళ్లు పోగొట్టానని రాసుంది. అదీ అబద్ధం కాదు. ఎలాగంటే చెబుతాను, వినండి.

నా పేరు వరహాలమ్మ. సముద్రం గాలి తగిలే ఊళ్లో, కొండ కిందున్న ప్రభుత్వ మానసిక ఆస్పత్రిలో రికార్డు రూము నాది. నాది అంటే ప్రభుత్వానిదే, కానీ అందులో బొద్దింకలు కూడా నన్నడిగే తిరుగుతాయి. రోగి చీటీ నా కిటికీలోంచి లోపలికొస్తుంది, నేను ఫైలు తీసి డాక్టరు గారి బల్ల మీదికి పంపుతాను. ఫైలొచ్చి మనిషి రాకపోతే మా ఆస్పత్రిలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మనిషొచ్చి ఫైలు రాకపోతే మాత్రం ఆ మనిషి రానట్టే లెక్క.

మగవాళ్ల ఫైలుకి నీలం అట్ట, ఆడవాళ్ల ఫైలుకి గులాబీ అట్ట. నీలం అట్టలకి సోమ, బుధ, శుక్రవారాలు. గులాబీ అట్టలకి మంగళ, గురు, శనివారాలు. ఎప్పుడో వరసల దగ్గర కొట్టుకున్నారని పెట్టిన ఏర్పాటు ఇది. ఖర్మకాలి ఎవరిదైనా ఫైలు పోతే, అది దొరికేదాకా ఖాకీ అట్టలో నకలు తెరవాలి. ఖాకీ అట్టకి వారం లేదు, వరస లేదు, ఎప్పుడొస్తే అప్పుడు చూడాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఖాకీ అట్టల కట్ట ఒకటి అప్పగించారు. దాని దారం విప్పే అవసరం నాకు రానే లేదు. అది నా గర్వం. ఎవరేమనుకున్నా సరే.

ఇలా ఉండగా మా సూపరింటెండెంటు పరాంకుశం గారు పెద్ద నగరంలో జరిగిన సదస్సుకి వెళ్లొచ్చారు. సదస్సుకి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆయన ఏదో ఒకటి పట్టుకొస్తారు. కిందటిసారి మెడలో వేసుకునే సంచీ. ఈసారి శాస్త్రం.

మమ్మల్నందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి, "ఇన్నాళ్లూ మనం ఏం చేశాం?" అనడిగారు. మేమేం చేశామో మాకూ తెలీదు కాబట్టి తలలు వంచుకున్నాం. "చీర కట్టుకొస్తే ఆడ అన్నాం, లుంగీ కట్టుకొస్తే మగ అన్నాం. ఇది శాస్త్రమా? మన రోగం ఎక్కడుంది? మెదడులో! మరి లింగ నిర్ణయం బట్టలు చూసి చేస్తామా?"

ఆయన విన్న సంగతి ఇది. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లలో మగవాళ్ల మెదడుకీ ఆడవాళ్ల మెదడుకీ నిర్మాణంలో కొన్ని తేడాలున్నాయట. మెదడు లోపల నీరుండే అరలుంటాయట. అవి మగ రోగుల్లో సగటున కాస్త పెద్దవిగా కనపడ్డాయట.

కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మ ఒకామె లేచింది. "సార్, అది సగటు కదండీ. ఒక్కో మనిషినీ విడిగా చూస్తే అటువి ఇటూ ఇటువి అటూ బోలెడుంటాయి. కొలత చూసి ఎవరు ఆడో ఎవరు మగో చెప్పకూడదని ఆ ఉపన్యాసంలోనే చెప్పి ఉంటారు కదండీ?"

"చెప్పి ఉండవచ్చు. ఆ సమయానికి భోజనాలు పెట్టారు," అన్నారు సూపరింటెండెంటు గారు చాలా గంభీరంగా.

మర్నాటి నుంచి ఆ అమ్మాయికి స్టోర్సులో ఫినాయిలు డబ్బాల తనిఖీ డ్యూటీ వేశారు. మిగిలిన మాకందరికీ సర్క్యులర్ వచ్చింది.

"విషయము: మెదడు నిర్మాణమును అనుసరించి రోగుల ఫైళ్లకు అట్టల మార్పిడి. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, ఇకమీదట అట్ట రంగు మెదడును బట్టి ఉండవలెను గాని మనిషిని బట్టి ఉండరాదు. మనిషికిని మెదడుకును అభిప్రాయ భేదము కలిగిన యెడల మెదడు మాటయే చెల్లును."

స్కానింగ్ గది ముందు 'ఇచ్చట లింగ నిర్ధారణ చేయబడదు, అది చట్టరీత్యా నేరము' అనే బోర్డు వేలాడుతూ ఉంటుంది. దాని కింద వరసలో నిలబడి జనం లింగ నిర్ధారణ చేయించుకున్నారు. నేనూరుకోలేక స్కానింగ్ అబ్బాయిని అడిగాను కూడా. "అది కడుపులో ఉన్నవాళ్ల సంగతండీ. తలలో ఉన్నదానికి వర్తించదు," అన్నాడు. గీత ఎక్కడ గియ్యమంటారని అతను సూపరింటెండెంటు గారిని అడిగితే, మగవాళ్ల సగటుకీ ఆడవాళ్ల సగటుకీ సరిగ్గా నడుమన గియ్యమన్నారట. గీతకి పైనున్న మెదడు నీలం, కిందున్నది గులాబీ. అయిపోయింది శాస్త్రం.

మీ మనసులో ఏముందో నాకు తెలుసు. ఆ సూపరింటెండెంటు గారి తలకాయే యంత్రంలో పెట్టిస్తే పోలా అనేగా? మేమూ అనుకున్నాం. సర్క్యులర్లో ఆరో పేరా చూడండి: "గెజిటెడ్ హోదా గల వారి మెదళ్లు ఈ పరిశీలన నుండి మినహాయింపబడినవి." ఆయన తెలివి తక్కువవాడేం కాదు.

మూడు వారాలు నేనూ నా జిగురు సీసా కష్టపడితే లెక్క తేలింది. డెబ్బై ఒక్కమంది ఆడవాళ్లు నీలంలోకి వెళ్లారు. అరవై నలుగురు మగవాళ్లు గులాబీలోకి వచ్చారు. చేపల రేవులో ఐసు కొట్టే సన్నిబాబని ఒకడున్నాడు, బొద్దు మీసం, మోటు చేతులు. అతని మెదడు గులాబీ తేలింది. అతను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "ఆడోళ్ల వరసకాడ ఫ్యానుంది కదండీ," అన్నాడు సంబరంగా. తీరా ఆడవాళ్లు అతన్ని వరసలో ఉండనియ్యలేదు, చెప్పులు తీశారు. పాపం, గేటు అవతల కూర్చుని వాళ్ల ఫ్యాను వైపు చూస్తుండేవాడు.

ఇంతవరకూ నాకు నవ్వులాటగానే ఉంది. నిజం ఒప్పుకుంటున్నాను, అట్టలు మారుస్తూ నవ్వుకున్నాను కూడా. నూకరత్నం వచ్చాక నవ్వు పోయింది.

నూకరత్నం బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. రెండొందల మంది పిల్లలు. ఎనిమిదేళ్ల కిందట ఆమెకి చెవిలో ఒక గొంతు వినపడేది. అన్నంలో విషం కలిపారు, పప్పులో విషం కలిపారు అని పొద్దస్తమానం చెప్పేది. అప్పుడు తిండి మానేసి, కట్టెపుల్లలా అయిపోయి మా దగ్గరికొచ్చింది. నాలుగు వారాలకో ఇంజెక్షను పడుతోంది. ఆరేళ్లుగా ఆ గొంతు లేదు. వంట చేసుకుంటోంది, తింటోంది, తిట్టాల్సినవాళ్లని తిడుతోంది. ఆరేళ్లలో ఒక్క గురువారం తప్పలేదు. అందుకే ఆవిడంటే నాకు ఇష్టం. నా ఫైళ్లలాంటి మనిషి.

ఆ గురువారం చీటీ ఇచ్చింది. గులాబీ అరలో ఫైలు లేదు.

"రత్నం, నీ ఫైలు నీలంలోకి పోయిందమ్మా. స్కాను గీతకి పైన వచ్చింది నీది. రేపు రా."

"ఏటమ్మా ఇది? నా బుర్ర మగోడిదా?" అంది. తర్వాత కాసేపు ఆలోచించి, "మా ఆయనకి సెప్పకండి, ఇంట్లో పెత్తనం నాదేనని ఇప్పటికే ఏడుస్తన్నాడు," అని నవ్వింది. నేనూ నవ్వాను. అదే ఆఖరు నవ్వు.

శుక్రవారం మగవాళ్ల గేటు దగ్గర అప్పలకొండ ఉన్నాడు. మిలిటరీలో చేసొచ్చిన సెక్యూరిటీ గార్డు. బోర్డులో రాసింది తప్ప ఇంకేదీ చదవని మనిషి. బోర్డులో 'స్త్రీలకు ప్రవేశము లేదు' అని ఉంది.

"నా ఫైలు లోపలుంది బాబూ," అంది నూకరత్నం.

"ఉండనీ. ఫైలుకి పర్మిషనుంది, నీకు లేదు."

"నా బుర్ర మగోడిదంటగా! కాయితం సూడు!"

అప్పలకొండ కాగితం చూసి, ఆమె తలకేసి చూసి, చీరకేసి చూశాడు. "బుర్రొక్కటీ లోపలికెళ్లొచ్చు. మిగతాది బయటుండాలి," అన్నాడు. అతను వెటకారమాడలేదు, నిజంగానే చెప్పాడు.

మంగళవారం ఆడవాళ్ల రోజు మళ్లీ వచ్చింది. ఈసారి నేనే ఆమె చెయ్యి పట్టుకుని ఇంజెక్షను గదికి తీసుకెళ్లాను. సిస్టర్ కరుణ నెమ్మదైన మనిషి. కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ సూది తియ్యలేదు. "మందు ఒకటే మేడమ్. కానీ రెండు బీరువాలు చేశారు. నీలం బీరువా తాళం మంగళవారం నాకివ్వరు. గులాబీ బీరువాలోంచి ఇచ్చి నీలం ఫైల్లో రాస్తే నా ఉద్యోగం పోతుంది," అంది.

"ఆ ఫైలు డాక్టరు బల్ల మీదికి ఇవాళ రాదు కూడాను," అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలీక అప్పలకొండ మీద మండిపడ్డాను. అతను సెల్యూట్ చేశాడు.

బుధవారం సమీక్షా సమావేశం పెట్టారు. నన్ను పిలవకపోయినా వెళ్లాను.

"సార్, డెబ్బై ఒక్కమంది ఆడవాళ్లకి మందు అందట్లేదు. వాళ్ల రోజున ఫైలు లేదు, ఫైలున్న రోజున వాళ్లు లేరు. మగవాళ్లు అరవై నలుగురిదీ అదే గోల."

పరాంకుశం గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "వరహాలమ్మ గారూ, మీరు సమస్యను మనుషుల కోణంలో చూస్తున్నారు. మన కార్యక్రమం మెదళ్లకు సంబంధించినది. వర్గీకరణ నూటికి నూరు శాతం పూర్తయినది. మందు అందకపోవుట పంపిణీ విభాగమునకు సంబంధించిన విషయము."

"పంపిణీ విభాగం కూడా మీరే కదండీ సార్."

"ఆ హోదాలో నాకు ఇంకా ఫిర్యాదు అందలేదు," అన్నారాయన.

అయినా దయగల మనిషి. అక్కడికక్కడే ఒక పరిష్కారం కనిపెట్టారు. దాని పేరు జత విధానము. నీలం మెదడున్న ఆడమనిషికి గులాబీ మెదడున్న మగమనిషిని జత చెయ్యాలి. మగవాళ్ల రోజున ఆ మగమనిషి వెళ్లి ఈమె ఫైలు చూపించుకొస్తాడు. ఆడవాళ్ల రోజున ఈమె వెళ్లి అతని ఫైలు చూపించుకొస్తుంది. "ఆ విధముగా మెదడుకును గేటుకును సామరస్యము ఏర్పడును," అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు గంగిరెద్దుల్లా తలలూపారు.

నూకరత్నానికి జత సన్నిబాబు.

శుక్రవారం పాపం సన్నిబాబు రేవులో పని మానుకుని, తలకి నూనె రాసుకుని వచ్చాడు. నూకరత్నం ఫైలు పట్టుకుని మగవాళ్ల వరసలో నిలబడ్డాడు. డాక్టరు గారు తల ఎత్తకుండా, "నెలసరి సరిగ్గా వస్తోందా?" అనడిగారు. సన్నిబాబు, "కనుక్కుని సెప్తానండి," అన్నాడు. ఇంజెక్షను గదిలోకి పంపారు. ఆ రోజు సిస్టర్ కరుణ సెలవు, ఆమె స్థానంలో కొత్త నర్సు ఉంది. నియమం ప్రకారం ఫైలు తెచ్చినవాడికి సూది వెయ్యాలి. ఆ పిల్ల మందు ఎక్కించి సూది పట్టుకుని ముందుకొచ్చింది.

"అమ్మో, నాకొద్దు! ఇది నాది కాదు! ఆయమ్మ గేటు బయట కూకుని ఉంది, ఆయమ్మకి వెయ్యండి!" అని అరుస్తూ సన్నిబాబు బయటికి పరుగెత్తుకొచ్చేశాడు. ఆ రోజు మా ఆస్పత్రి మొత్తంలో తెలివిగా మాట్లాడినవాడు అతనొక్కడే. అతని ఫైల్లో 'వైద్యమునకు సహకరించుట లేదు, ఉద్రేకము కలదు' అని రాశారు. అదీ అతని ఫైల్లో కాదు, నూకరత్నం ఫైల్లో.

సోమవారం పొద్దున్నే నేను తాళం తీస్తుంటే నూకరత్నం రికార్డు రూము మెట్టు మీద కూర్చుని ఉంది. ఇంజెక్షను పడి ఉండాల్సిన రోజుకి పదకొండు రోజులు దాటింది. జుట్టు దువ్వుకోలేదు. నన్ను చూసి లేవలేదు.

"వచ్చీసినాడమ్మా," అంది.

"ఎవరే?"

"ఆడే. ఆ గొంతు. ఇంకా గట్టిగా లేదు. పక్కింట్లోంచి మాటాడినట్టు సిన్నగా ఉంది. సాంబారులో ఏదో కలిసిందంటన్నాడు." నా చెయ్యి పట్టుకుంది. "శనారం సాంబారు నాలుగుసార్లు రుచి సూసినాను. పిల్లలు కంచాలట్టుకుని కూకున్నారు, నాను గరిటె పట్టుకుని నిలబడిపోనాను. ఎడ్మాస్టరమ్మ సూసింది. 'రత్నం, ఏటైంది?' అంది. నాకు భయంగా ఉందమ్మా. రేపు నాను ఆ గుండిగ పారబోసీసినాననుకోండి, పిల్లలు పస్తు, నా పని పోద్ది. పని పోతే పోనీండి. నాను మళ్లీ ఆ మనిషినైపోతానేమో అనుంది. ఆ మనిషిని నాను సూడలేనమ్మా."

నాకు ఏడుపొచ్చింది. చెబుతున్నాను, సిగ్గులేదు, ఏడిచాను. ఆమె నన్ను ఓదార్చింది. అంతా తలకిందులే మా ఆస్పత్రిలో.

ఏడుస్తూనే నీలం అరలోంచి ఆమె ఫైలు తీశాను. ఎనిమిదేళ్ల ఫైలు. మూలలు నలగలేదు, ఒక్క కాగితం ఊడలేదు, అన్నీ తేదీల వారీగా నేను కుట్టినవే. నా కుర్చీ మీద పెట్టి దాని మీద కూర్చున్నాను.

"రత్నం," అన్నాను, "నీ ఫైలు పోయిందే."

"అయ్యో! ఎక్కడికి పోనాదమ్మా?"

"ఏమో. ఎంత వెతికినా కనపడట్లేదు." కూర్చున్నచోటు నుంచి కదలకుండానే రిజిస్టరు తెరిచి, 'నూకరత్నం, ఫైలు గల్లంతు' అని రాసి సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్ల తర్వాత ఖాకీ అట్టల కట్టకి దారం విప్పాను. పైనున్న అట్ట ఎండిపోయి పెళుసెక్కింది. దాని మీద ఆమె పేరు నా మంచి దస్తూరీతో రాసి చేతికిచ్చాను.

ఖాకీ అట్ట చూసి అప్పలకొండ కంగారుపడ్డాడు. ఖాకీ గురించి బోర్డులో ఏమీ లేదు. ఏమీ లేదు కాబట్టి ఆపలేదు. ఖాకీకి ఏ బీరువా అని రాయలేదు కాబట్టి సిస్టర్ కరుణ చేతికందిన బీరువాలోంచి మందు తీసింది. తొమ్మిదిన్నరకి గేటు దాటిన మనిషి పదింపావుకి సూది వేయించుకుని బయటపడింది. ఆరేళ్లలో అంత తొందరగా ఎప్పుడూ కాలేదట.

ఆ తర్వాత నాకు మతిమరుపు మొదలైంది. మంగళవారం తొమ్మిది ఫైళ్లు పోగొట్టాను. బుధవారం పద్నాలుగు. సన్నిబాబు ఫైలు పోగొట్టినప్పుడు అతను నా కిటికీకి దణ్ణం పెట్టాడు. పదిహేను రోజుల్లో డెబ్బై ఒక్కటీ, అరవై నాలుగూ, మొత్తం నూట ముప్పై ఐదు ఫైళ్లు గల్లంతు. ఎక్కడున్నాయని అడక్కండి. నా కుర్చీ మాత్రం ఎత్తు పెరిగింది, పక్కనున్న గోనెసంచులు లావయ్యాయి.

రెండు నెలలకి పరాంకుశం గారు పిలిచారు. బల్ల మీద నెలవారీ నివేదిక ఉంది. అయిపోయింది నా పని అనుకున్నాను. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"వరహాలమ్మ గారూ, ఇది చూశారా? ఖాకీ వర్గంలో ఒక్కరికి కూడా మందు తప్పలేదు! ఒక్కరికి కూడా రోగం తిరగబెట్టలేదు! నీలం కంటే, గులాబీ కంటే మెరుగు. దీనర్థం ఏమిటి?"

"వచ్చిన రోజే మందిచ్చామండీ సార్."

"కాదు! మనం మూడో రకపు మెదడును కనుగొన్నాం!" అని బల్ల గుద్దారు. "ఖాకీ మెదడు! వచ్చే సదస్సులో నేను దీని మీదే మాట్లాడబోతున్నాను. దీని ముఖ్య లక్షణం ఏమిటో మీరు గమనించారా?"

"గమనించానండీ. ఫైలు కనపడకపోవడం."

ఆయన అది కూడా రాసుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నూట ముప్పై ఐదు సరిపోవు. ఇంకో రెండు వందల ఖాకీలుంటే గానీ సదస్సులో నిలబడదు. మీరు కాస్త ప్రయత్నించగలరా?" అన్నారు.

"మీరు చెప్పాక తప్పుతుందా సార్. ప్రయత్నిస్తాను," అన్నాను.

"మంచిది. వెళ్లేముందు ఇది తీసుకోండి." సొరుగులోంచి మెమో తీసి చేతిలో పెట్టారు. "నూట ముప్పై ఐదు ఫైళ్లు పోగొట్టినందుకు మీ ఇంక్రిమెంటు నిలుపుదల చేయడమైనది. ఏమీ అనుకోకండి, అది నేను పరిపాలనా హోదాలో ఇస్తున్నాను."

సంతకం పెట్టాను. సంజాయిషీ రాయమంటే, 'వయసు మీద పడినందున' అని రాశాను. గది దాకా నడుస్తుంటే ఏమీ అనిపించలేదు గానీ, అరల ముందు నిలబడ్డాక మనసు చివుక్కుమంది. అరల్లో ఖాళీలు పళ్లూడిన నోట్లా కనపడుతున్నాయి. ఇక్కడ నన్ను తలుచుకునేవాళ్లు ఫైళ్లు పోగొట్టిన వరహాలమ్మ అనే తలుచుకుంటారు.

కిటికీలోంచి చీటీకి బదులు స్టీలు క్యారేజీ లోపలికొచ్చింది. వెనకాల నూకరత్నం మొహం. నున్నగా దువ్వుకుంది, కనకాంబరాలు పెట్టుకుంది.

"సాంబారన్నం అమ్మా. బడి నుంచి సూటిగా తెచ్చీసినాను, వేడి మీద తినండి."

ఎత్తు పెరిగిన నా కుర్చీ మీద ఎక్కి కూర్చుని, మూత తీసి ఒక ముద్ద పెట్టుకున్నాను. ఉప్పు తక్కువైంది. ఆ మాటే అన్నాను.

నూకరత్నం పళ్లన్నీ కనపడేలా నవ్వింది. "తక్కువయ్యే ఉంటాదమ్మా," అంది. "ఈయేళ ఒక్కసారే రుచి సూసినాను."